పండుగ ఫోటోలో ఆ పిల్లలు ఉండకూడదు

సంపాదకులకు,

అయ్యా,

రొట్టెల పండుగ రోజుల్లో మీ పత్రిక జిల్లా పేజీలో ఒక రంగుల ఫోటో వచ్చింది. స్వర్ణాల చెరువులో మోకాటి లోతు నీళ్ళలో నిలబడ్డ ఒక విదేశీ మహిళ, ఆమె చంకలో మూడేళ్ళ బాబు, ఆమె చున్నీ అంచు పట్టుకుని అయిదేళ్ళ పాప. పైన ‘అనాథలకు అమ్మయిన విదేశీ వనిత’ అని శీర్షిక. కింద ఆమె ఏ దేశస్థురాలో, పిల్లలను ఏ శిశుగృహం నుంచి తీసుకున్నదో, నెల్లూరులో ఏ పేటలో అద్దెకు ఉంటున్నదో నాలుగు వాక్యాల్లో రాశారు. ఆ అద్దె ఇల్లు మాది. ఆ ఉదయమే మీకు ఉత్తరం రాద్దామని కాగితం తీశాను గానీ, రాస్తే మళ్ళీ పదిమంది కళ్ళూ మా మేడ వైపే తిరుగుతాయని, వారు ఊరు దాటేదాకా ఆగాను. కిందటి వారం వారు వెళ్ళిపోయారు. ఏవి రాయవచ్చునో, ఏవి రాయకూడదో ఆ తల్లినే అడిగి తెలుసుకుని ఇది రాస్తున్నాను. కనుక వారి దేశం పేరు, మనుషుల పేర్లు, మా వీధి పేరు ఇందులో కనిపించవు.

నేను ముప్పై రెండేళ్ళు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మేడ మీద రెండు గదుల పోర్షను ఖాళీగా ఉండగా, మే నెలాఖరున, రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఎండల్లో, ఆ దంపతులు తమ తొమ్మిదేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. విదేశీయులు ఇంట్లో దిగితే 24 గంటల్లోగా ఇంటి యజమాని ఫారం-సి నింపి తెలియజేయాలన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి అక్కడి నుంచే ఇంటర్‌నెట్‌లో నింపాడు. నాలుగో రోజున పిల్లలిద్దరూ ఇంటికి వచ్చారు. వారు అక్కాతమ్ముళ్ళు. దత్తత ఉత్తర్వు ఇంకా రాలేదు. ఉత్తర్వు వచ్చేలోగా పిల్లలను దేశం దాటించకుండా తమ దగ్గర ఉంచుకుంటామని హామీపత్రం రాసి ఇచ్చి తెచ్చుకున్నారు. అంటే ఆ ఇంట్లో అమ్మ, నాన్న, అన్న అనే పిలుపులు మొదలైనప్పటికి, కాగితం మీద వారింకా తల్లీ కాదు, తండ్రీ కాదు.

వీధిలో నన్ను అందరూ అడిగిన మొదటి మాట, “మనోళ్ళెవరూ లేరా సారూ, ఈ పిలకాయల్ని తెల్లోళ్ళకే ఇయ్యాల్నా?” అన్నది. నాకూ అదే అనుమానం ఉండేది. ఒక సాయంత్రం ఆ భర్త నాకు ఓపికగా విడమరిచి చెప్పాడు. తరువాత నేను కూడా చదివి చూసుకున్నాను. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, దత్తతకు అర్హమని తేలిన బిడ్డకు 60 రోజుల్లోగా ఇక్కడివారు గానీ, విదేశాల్లో ఉంటున్న భారతీయులు గానీ దొరకనప్పుడే ఇతర దేశస్థులకు అవకాశం వస్తుంది. విడదీయకూడని తోబుట్టువులకు, అయిదేళ్ళు దాటినవారికి, వైకల్యం ఉన్నవారికి మాత్రం విదేశీ దత్తతలో ప్రాధాన్యం ఇవ్వవచ్చునన్నారు. ఎందుకంటే మన దగ్గర దరఖాస్తు పెట్టుకునేవారిలో ఎక్కువమంది అడిగేది నెలల పసికందును. మాటలు వచ్చిన పిల్ల, దాని చెయ్యి వదలని తమ్ముడు, ఇద్దరూ ఒక్కసారిగా కావాలని అడిగే ఇల్లు అరుదు. దేశాల మధ్య దత్తతలకు 1993 నాటి హేగ్ ఒప్పందం ఆధారం. మన దేశం దాన్ని 2003లో ఆమోదించింది. దేశంలో దత్తతల వ్యవహారం చూసే కేంద్ర సంస్థ, ఢిల్లీలోని కారా, నిరభ్యంతర పత్రం ఇవ్వాలి, ఆ తరువాత జిల్లా కలెక్టరు ఉత్తర్వు ఇవ్వాలి. ఇదివరకు కోర్టు ఇచ్చే ఈ ఉత్తర్వును 2022 సెప్టెంబరు నుంచి కలెక్టరే ఇస్తున్నారు. ఆ పైన కొత్త జనన ధ్రువీకరణ పత్రం, పాస్‌పోర్టు, హేగ్ ఒప్పందం ప్రకారమే దత్తత జరిగిందన్న మరో పత్రం, వారి దేశపు వీసా. ఈ వరుస పూర్తయ్యేసరికి మా మేడ మీద మూడు నెలలు దాటింది. భర్త సెలవు మూడు వారాలకే అయిపోవడంతో ఉద్యోగానికి వెనక్కి వెళ్ళి మళ్ళీ చివర్లో వచ్చాడు. మధ్యకాలమంతా భాష తెలియని ఊళ్ళో ఆమె ముగ్గురు పిల్లలతో ఒక్కతే గడిపింది. మా వీధివాళ్ళు ఆమెకు ‘మేడమ్మ’ అని పేరు పెట్టారు. మేడ మీద ఉంటుందనో, మేడమ్ అనబోయో తెలియదు.

మొదటి పదిహేను రోజులు ఆ ఇంటి బాధలన్నీ అన్నం చుట్టూనే తిరిగాయి. తల్లి తమ పద్ధతిలో రొట్టె, వెన్న, ఉడికించిన కూరగాయలు పెడితే పిల్లలు ముట్టలేదు. శిశుగృహంలో వేళ తప్పకుండా స్టీలు పళ్ళెంలో పప్పన్నమో చారన్నమో పెట్టేవారు. పళ్ళెం ముందుకు రాగానే మాట్లాడకుండా తినేసి, చెయ్యి కడుక్కుని గోడవారన కూర్చోవడం వారికి అలవాటు. మూడో నాడు మా ఇంటావిడ చారూ పెరుగూ ఇడ్లీలూ పైకి పంపింది. బాబు తిన్నాడు గానీ ఇంకా కావాలని అడగలేదు. అడగవచ్చునని వాడికి తెలియదు. ఎవరూ చూడకుండా ఒక ఇడ్లీ తీసుకుని దిండు కింద దాచాడు. తెల్లారేసరికి పక్కంతా చీమలు. ఇల్లు పాడు చేస్తున్నారని నేను గొణిగిన మాట కూడా నిజం. ఆమె మాత్రం ఇడ్లీ లాక్కోలేదు, మందలించలేదు. మూత బిగువుగా పట్టే చిన్న స్టీలు డబ్బా ఒకటి కొని, మురుకులూ బిస్కెట్లూ పోసి, వాడి చేతికే ఇచ్చి, రాత్రి తల దగ్గర పెట్టుకొమ్మంది. రోజూ పొద్దున్నే వాడి కళ్ళ ముందే మళ్ళీ నింపేది. జూన్ నెలంతా వాడు ఆ డబ్బాను చంకన పెట్టుకునే తిరిగాడు. జూలై మొదట్లో ఒకరోజు దాన్ని మా గుమ్మంలో మరిచిపోయి పైకి వెళ్ళిపోయాడు. మా ఇంటావిడ తీసుకువెళ్ళి ఇవ్వబోతే, వద్దని ఆమె మెట్ల మీద నుంచి సైగ చేసింది. మర్నాటి దాకా వాడికి డబ్బా గుర్తు రాలేదు. ఆ రాత్రి ఈ సంగతి భర్తకు ఫోనులో చెబుతూ ఆమె ఏడవడం కింద మాకు వినిపించింది.

పాప సంగతి వేరు. అయిదేళ్ళకే ఆ పిల్ల తమ్ముడికి తల్లయి కూర్చుంది. వాడికి ముద్దలు కలిపి పెట్టేది తనే, మొహం కడిగేది తనే, రాత్రి ఉచ్చకు లేపేది తనే. కొత్త తల్లి వాడికి నీళ్ళు పోయబోతే మధ్యకు వచ్చి నిలబడేది. ఆమె తోసుకుని పోలేదు. చెంబు పాప చేతికి ఇచ్చి, సబ్బు తాను పట్టుకుని, తెలుగులో “నేను చేయనా?” అని అడిగేది. ఆ రెండు మాటలూ నేను నేర్పినవే. ఆమె దగ్గర ఒక నోటు పుస్తకం ఉండేది. మన మాటలను తన లిపిలో రాసుకునేది. నేను ‘నమస్కారం’, ‘ధన్యవాదాలు’ నేర్పబోతే, అవి తరువాత చూద్దామని చెప్పి ‘నొప్పి’, ‘భయం’, ‘చాలు’, ‘ఇంకా కావాలా’, ‘నేను ఇక్కడే ఉన్నాను’ అన్నవి అడిగి రాసుకుంది. జీవితమంతా తెలుగు చెప్పిన నాకు, భాషలో ఏ మాటలు ముందు కావాలో ఆ వరుస చూశాక గానీ బోధపడలేదు. ళకారం మాత్రం ఆమెకు చివరిదాకా పలకలేదు. ‘పెళ్ళి’కీ ‘పిల్లి’కీ ఆమె నోట పెద్ద తేడా ఉండేది కాదు.

జూన్ చివర ఒక మధ్యాహ్నం పాప అన్నం పళ్ళెం తోసేసి, కాళ్ళు కొట్టుకుంటూ, బొమ్మ కావాలని వీధి వినిపించేలా ఏడ్చింది. మేము కంగారుపడి పైకి వెళితే ఆ తల్లి సంతోషంగా ఉంది. మొండి చేస్తే పంపేస్తారన్న భయం కాస్త సడలితే గానీ ఇలాంటి పిల్లలు మొండి చేయరని, ఈ ఏడుపు కోసమే ఇన్ని రోజులు ఎదురుచూశానని ఆమె చెప్పింది. మేము ముగ్గురు పిల్లలను పెంచాం, మొండితనానికి సంతోషించిన తల్లిని చూడడం అదే మొదలు.

తొమ్మిదేళ్ళ వాడి కష్టం ఎవరికీ పట్టలేదు. తమ్ముడూ చెల్లెలూ వస్తారని సంబరంగా వచ్చినవాడికి, అమ్మ ఒళ్ళో చోటు లేకపోయింది. తండ్రి వెళ్ళిపోయాక కొన్నాళ్ళు ఎవరితోనూ మాట్లాడలేదు. చివరికి వాణ్ణి గట్టెక్కించింది మా వీధి చివర ఖాళీ స్థలంలో ఆడే పిల్లల క్రికెట్టు. నెల తిరిగేసరికి అవుటా కాదా అని తెలుగులో పోట్లాడే స్థితికి వచ్చాడు, నేను నేర్పని మాటలు కూడా కొన్ని పట్టాడు. మా ఇంట చేపల పులుసు తిని కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ రెండోసారి వడ్డించమన్నవాడు కూడా వాడే.

పడకలు కూడా చెప్పాలి. పిల్లల కోసం చిన్న మంచాలు అద్దెకు తెచ్చి వేశారు. ఒక్క రాత్రి కూడా వాటి మీద ఎవరూ పడుకోలేదు. వరుసగా చాపలు పరిచిన హాల్లో పదిమంది ఊపిరి వినిపిస్తుండగా నిద్రపోయిన పిల్లలకు, విడి మంచం మీద చీకట్లో నిద్ర ఎలా వస్తుంది? తల్లి మంచాలు తిప్పి పంపేసి, చాపలు కొని, నలుగురూ ఒకే వరుసలో పడుకున్నారు. కరెంటు పోయిన రాత్రులు డాబా మీద. మనకు రాత్రి ఎనిమిదైతే వారి దేశంలో సాయంత్రం నాలుగున్నర. తండ్రి ఆఫీసు నుంచే వీడియోలో కనిపించేవాడు. మొదట్లో బాబు ఫోను వెనక్కి తిప్పి ఆయన ఎక్కడ దాక్కున్నాడా అని చూసేవాడు.

ఆమె బయటికి కదిలినప్పుడల్లా ఒక ప్లాస్టిక్ కవరు చేత ఉండేది. అందులో నిరభ్యంతర పత్రం, హామీపత్రం, పాస్‌పోర్టు నకళ్ళు. తెల్లటి మనిషి చంకలో మన రంగు బిడ్డ ఉంటే ఆత్మకూరు బస్టాండు దగ్గర నలుగురు ఆపి అడగడం సహజం, అడగడం మంచిదే కూడా. పిల్లలను ఎత్తుకుపోయేవాళ్ళున్న లోకం ఇది. ఆమె విసుగు లేకుండా కవరు తీసి చూపించేది. కానీ అదే మనిషి, పిల్లల ఫోటో ఒక్కటి కూడా ఎక్కడా పెట్టలేదు. స్వదేశంలో ఉన్న ఆమె తల్లికి సైతం ఫోటోలు పంపకుండా, వీడియోలో మాత్రమే చూపించింది. ఉత్తర్వు రాకముందు ఆ ముఖాలను అందరికీ పంచే హక్కు తనకు లేదని, వచ్చాక కూడా వారు పెద్దవారై అభ్యంతరం చెబితే తన దగ్గర జవాబు ఉండదని ఆమె అనేది.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. పిల్లలు వచ్చిన రెండో వారంలో నేను సెల్‌ఫోనులో ఒక ఫోటో తీసి, నా పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ‘మా ఇంటికి వచ్చిన అదృష్టవంతులు’ అని రాసి పెట్టాను. నలభై మంది చేతులు జోడించారు. సాయంత్రానికి ఆమెకు ఎలాగో తెలిసింది. కిందికి వచ్చి, కోప్పడకుండా, “వీళ్ళ కథ మీకు ఎంత తెలుసు?” అని ఇంగ్లీషులో అడిగింది. నాకు తెలిసిందంతా చెప్పాను. “నేనే ఇంకా పూర్తిగా పాపకు చెప్పలేదు. పాప కన్నా ముందు మీ విద్యార్థులకు తెలియడం న్యాయమా?” అంది. ఫోటో తీసేశాను. కనుక మీ విలేకరి మీద నేను రాయి వేయడం లేదు; అతను చేసింది నేను ముందు చేసినదే, కాకపోతే అతని గ్రూపు పెద్దది.

పండుగకు వారిని తీసుకువెళ్ళింది ఎదురింటి ముసలామె. దర్గా దగ్గర సంతాన రొట్టె, విద్య రొట్టె, వీసా రొట్టె అని ఎవరి కోరికను బట్టి వారు పట్టుకోవడం, కోరిక తీరినవారు తిరిగి వచ్చి రొట్టె ఇవ్వడం మన జిల్లావారికి చెప్పనక్కరలేదు. “నీకు పిలకాయలు దొరికినారు గదమ్మా, నువ్వు సంతాన రొట్టె ఇయ్యాల. పాస్‌పోర్టు రావాల గాబట్టి వీసా రొట్టె పట్టుకోవాల” అని ఆమె లెక్క తేల్చింది. మేడమ్మ నవ్వుకుంటూ ఒప్పుకుంది. రెండు రొట్టెలు ఇచ్చింది, ఒకటి పట్టుకుంది. ఆ నీళ్ళలో ఉండగా తీసిన ఫోటో అది. ఎవరో కెమెరా ఎత్తడం చూసి చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నానని ఆమె చెప్పింది. జనం గోలలో అతనికి అర్థమై ఉండకపోవచ్చు. పిల్లలను ఎక్కడి నుంచి తెచ్చారో, ఇల్లు ఎక్కడో పక్కనున్నవారెవరో చెప్పి ఉంటారు. మనవాళ్ళు చెబుతారు, అందులో దాపరికం ఉండదు.

పేపరు వచ్చిన రోజు తొమ్మిది గంటలకే మా గేటు దగ్గర జనం. చెడ్డవాళ్ళెవరూ కారు. పాత గౌన్లు ఒకరు, బిస్కెట్ పొట్లాలు ఒకరు, అరటిపళ్ళు ఒకరు పట్టుకుని వచ్చారు. ఒక పెద్దావిడ పాప గడ్డం పట్టుకుని, “ఏ తల్లి కన్న బిడ్డో, ఎట్టా వదిలేసిందో, పాపిష్టిది” అని కళ్ళు తుడుచుకుంది. మరొకరు, “వీళ్ళు బాగా చూసుకుంటున్నారామ్మా? కొట్టడంలేదు గదా?” అని ఆ తల్లి ఎదుటే అడిగారు. ఆమెకు తెలుగు రాదనుకున్నారు. ‘కొట్టడం’ ఆమె నోటు పుస్తకంలో ఉంది. పాపకు అన్నీ అర్థమయ్యాయి. శిశుగృహంలో ఉన్నప్పుడు కూడా ఇలాగే మనుషులు గౌన్లు, బిస్కెట్లు తెచ్చి చూసిపోయేవారట. ఆ సాయంత్రం ఆమె పైన గుమ్మం దగ్గర చూసేసరికి, పాప తన చెప్పులూ తమ్ముడి చెప్పులూ జతగా పెట్టి, శిశుగృహం నుంచి వచ్చిననాటి సంచిలో ఇద్దరి బట్టలూ సర్ది, తమ్ముడి చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది. వచ్చినవాళ్ళు తమను వెనక్కి తీసుకుపోవడానికే వచ్చారని అనుకుంది. బాబు మళ్ళీ డబ్బా చంకన పెట్టుకున్నాడు. వారిని మళ్ళీ గేటు దాటించడానికి మూడు వారాలు పట్టింది.

మీ విలేకరికి తెలియకపోయినా మీ కార్యాలయానికి తెలిసే ఉండాలి. బాలల న్యాయ చట్టం 74వ సెక్షను, సంరక్షణ అవసరమైన పిల్లల విచారణలకు సంబంధించిన వార్తల్లో పేరు, చిరునామా, బడి, గుర్తుపట్టడానికి వీలిచ్చే మరే వివరమూ బయటపెట్టకూడదని, ఫోటో ప్రచురించకూడదని చెబుతోంది. తప్పితే ఆరు నెలల దాకా జైలు గానీ, రెండు లక్షల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. మాది విచారణ వార్త కాదు, పండుగ వార్త అని మీరు అనవచ్చు. నేను వకీలును కాను, ఆ వాదన ఎంతవరకు నిలుస్తుందో చర్చించను. కానీ కలెక్టరు ముందు దస్త్రం పెండింగులో ఉన్న బిడ్డ ముఖాన్ని, ఆ బిడ్డ వచ్చిన శిశుగృహం పేరునూ, పడుకుంటున్న పేట పేరునూ ఒకే చోట అచ్చు వేస్తే, కన్నవారి తరఫు మనిషి ఎవరైనా, లేదా ఆ పేరు చెప్పుకునే ఎవరైనా తిన్నగా మా గేటు దగ్గరికి రావచ్చునని గ్రహించడానికి వకీలు కానక్కరలేదు. కలెక్టరేట్లో బిడ్డను అప్పగిస్తున్నప్పుడు అధికారులు, దంపతులు, మధ్యలో కెమెరా వైపు తిప్పిన పసిబిడ్డ, ఇలాంటి ఫోటోలు మన పత్రికలన్నింటిలోనూ వస్తూనే ఉన్నాయి. బిడ్డ ముఖం లేకుండా ఆ వార్త వేస్తే అధికారులకు గానీ, పాఠకులకు గానీ వచ్చే లోటు ఏమిటో నాకు తోచడం లేదు.

మాటల గురించి కూడా ఒకటి చెప్పాలి, అది నా వృత్తి కనుక. ‘అనాథలు’ అన్న మాట ఆ శీర్షికలో తప్పు. తల్లి పక్కనే నిలబడి ఉన్న పిల్లలు అనాథలు కారు. ‘దత్తపుత్రుడు’ అన్న మాటను మన రాజకీయ సభల్లో తిట్టుగా వాడడం కొన్నేళ్ళుగా వింటున్నాం, పత్రికలు దాన్ని యథాతథంగా పతాక శీర్షికలకెక్కించాయి. బడిలో చదువుకునే దత్తపిల్లలు ఆ శీర్షికలు చదువుతారని ఎవరికైనా తట్టిందా?

ఉత్తర్వు వచ్చిన రోజున పెద్ద సంబరమేమీ చేయలేదు. భర్త వచ్చాడు, సంతకాలు పెట్టారు, మలై కాజాలు పంచారు. ఇక రెండేళ్ళపాటు, మొదటి ఏడు మూడు నెలలకొకసారి, రెండో ఏడు ఆరు నెలలకొకసారి, పిల్లలు ఎలా ఉన్నారో వారి దేశంలోని దత్తత సంస్థ నివేదికలు పంపుతుంది. పెద్దవారయ్యాక తమ మూలాలు తెలుసుకోవాలనుకుంటే అడిగే హక్కు ఆ పిల్లలకు ఉంది. పద్దెనిమిది నిండితే తామే, అంతకు ముందైతే తల్లిదండ్రులతో కలిసి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వారి తరఫున మూడో మనిషి వెతకడానికి నిబంధనలు ఒప్పుకోవు. అంత జాగ్రత్తగా దాచిన దస్త్రంలోని సంగతుల్లో సగం మీ జిల్లా పేజీలో ఉచితంగా దొరుకుతున్నాయి.

ఆ పేజీ మీ ఈ-పేపరులో ఇప్పటికీ ఉంది; నిన్న రాత్రి మా అబ్బాయి మళ్ళీ వెతికి చూశాడు. దాన్ని తొలగించమని, లేదా కనీసం ఫోటోను, శిశుగృహం పేరును, మా పేట పేరును చెరిపివేయమని ఆ తల్లిదండ్రుల తరఫున కోరుతున్నాను. క్షమాపణ అచ్చు వేయవద్దని ఆమె ప్రత్యేకంగా చెప్పమంది, దాన్ని చదివినవారు పాత పేజీ వెతుకుతారని. ఈ ఉత్తరం ప్రచురిస్తే నా పేరు, చిరునామా కూడా వేయకండి. మా వీధిలో తెలుగు మాస్టారి ఇల్లు ఒక్కటే.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నెల్లూరు.